పిలిస్తే తెగని పేరు

బిడ్డ పుట్టిన ఘడియ తెలియగానే ఇంట్లో పంచాంగం తెరుస్తారు. అశ్విని మొదటి పాదమైతే ‘చు’, రోహిణి రెండో పాదమైతే ‘వా’ అంటూ 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున 108 అక్షరాలు అందులో సిద్ధంగా ఉంటాయి. నాయనమ్మ పేరు కలవాలని ఒకరంటారు, ఇలవేల్పు పేరు తప్పకూడదని ఇంకొకరంటారు, అర్థం బాగుండాలని తల్లి పట్టుబడుతుంది. అన్నీ కుదిరాక పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో బాలసారె చేసి, పళ్లెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో ఆ పేరు రాయిస్తారు. ఇన్ని చూసినవాళ్లు ఒక్క సంగతి మాత్రం చూడరు: ఆ పేరు నలుగురి నోళ్లలో పడ్డాక ఎంత మిగులుతుంది? వెంకట సుబ్రహ్మణ్యం సుబ్బు అయిపోతాడు. చంద్రశేఖర్ చందు, సిద్ధార్థ సిద్ధు, ఐశ్వర్య ఐషు. పెట్టేది ఒకటి, పిలిచేది ఒకటి. అది ఇష్టమైనవాళ్లకు చిక్కేమీ లేదు. పెట్టిన పేరుతోనే తమ బిడ్డను లోకం పిలవాలని కోరుకునే తల్లిదండ్రుల సంగతే ఇక్కడ చెప్పదలచింది. వాళ్లలో కొందరు తుంచడానికేమీ మిగలనంత పొట్టి పేరు పెడతారు. కొందరు తుంచాలంటే నోరు రానంత నిండైన పొడుగు పేరు వెతుకుతారు. ఈ రెండో దారే మేలని నా అభిప్రాయం. అయితే పొడుగు ఒక్కటే ఏ పేరునూ కాపాడలేదు. పేరులో అతుకు ఎక్కడుంది, మొదటి రెండక్షరాలు విడిగా ఎలా వినిపిస్తాయి, చివర ఏ అచ్చుతో ముగుస్తుంది అన్నదాన్ని బట్టే అది నిలవడమో విరగడమో జరుగుతుంది.

తెలుగు నోరు పేరును ఎక్కడబడితే అక్కడ కొయ్యదు, దానికో పద్ధతి ఉంది. ముందు నుంచి రెండక్షరాలంత మేర పట్టుకుంటుంది, మధ్య హల్లును ఒత్తి పలుకుతుంది, చివర ఒక ఉకారమో ఇకారమో తగిలిస్తుంది. సుబ్రహ్మణ్యం సుబ్బు అయ్యేది అలాగే. జగన్నాథం జగ్గు, ఆంజనేయులు అంజి, సత్యనారాయణ సత్తి, విజయ విజ్జి, అన్నీ ఈ అచ్చులో పోసినవే. నోటికి కష్టమైన సంయుక్తాక్షరం ఉంటే అది కూడా కరిగిపోయి లక్ష్మి లచ్చి అవుతుంది, కృష్ణుడు కిట్టు అవుతాడు. ఇంకో పద్ధతి అతుకు దగ్గర విరవడం: రాజశేఖర్‌లోంచి రాజు గానీ శేఖర్ గానీ వస్తారు, అన్నపూర్ణలోంచి పూర్ణ వస్తుంది. పాతతరం ఆడవాళ్ల పేర్లలో మరో తీరు కనిపిస్తుంది. భాగ్యలక్ష్మిని భాగ్యం అనేవారు, రాజ్యలక్ష్మిని రాజ్యం అనేవారు, విశాలాక్షిని విశాలం అనేవారు. సగం పేరు పోయినా చివరి సున్న దానికో నిండుదనం ఇచ్చేది. భాగ్యం గారు, రాజ్యం పిన్ని అంటే ఎక్కడా చిన్నబుచ్చినట్టు ఉండదు. ఆ తీరు ఇప్పుడు దాదాపు పోయింది, దాని చోట ఐషు, హర్షు లాంటివి వచ్చాయి. ఇది నాకు నిజంగా నష్టంగానే తోస్తుంది.

పేర్లు కుదించడం ఈ కాలపు పిల్లలు తెచ్చిపెట్టిన అలవాటని కొందరు పెద్దలు విసుక్కుంటారు. ఆ మాట నిలవదు. పాణిని అష్టాధ్యాయి అయిదో అధ్యాయం మూడో పాదంలో మనుషుల పేర్లను ప్రేమతో ఎలా కుదిస్తారో వరసగా సూత్రాలే ఉన్నాయి. రెండుకు మించి అచ్చులున్న పేరుకే ఆ కుదింపు. రెండో అచ్చు తర్వాత ఉన్నదంతా రాలిపోయి, ఒక చిన్న ప్రత్యయం వచ్చి చేరుతుంది. దేవదత్తుడు అలా దేవికుడు, దేవియుడు, దేవిలుడు అవుతాడు. కొన్ని పేర్లకు మాత్రం మూడో అచ్చు దాకా నిలుస్తుందని పాణిని మినహాయింపు కూడా చెప్పాడు. ‘విశాల’తో మొదలయ్యే పేర్లు ఆ జాబితాలోవే. విశాలాక్షి మన ఇళ్లలో విశాలమై మూడక్షరాలనూ నిలుపుకోవడం చూస్తే ఆ మినహాయింపు ఎంత నిశితమైన పరిశీలనో తెలుస్తుంది. ప్రత్యయమేమీ చేరకుండానే ముందు మాటో వెనక మాటో ఊడిపోవచ్చని కూడా వ్యాకరణ సంప్రదాయం ఒప్పుకుంది. భీమసేనుడు భీముడు కావడం, సత్యభామ భామ కావడం దానికి చూపే ఉదాహరణలు. భీముడన్నది కుదించిన పేరని మనలో ఎంతమందికి గుర్తుంది? సిద్ధేంద్రయోగి కూర్చిన నాట్యానికి భామాకలాపమని పేరు నిలిచింది. కూచిపూడి వేదిక మీదికి వచ్చిన నాయిక ప్రవేశ దరువులో భామ అనీ సత్యభామ అనీ రెండు పేర్లతోనూ తనను పరిచయం చేసుకుంటుంది. అంటే రెండు వేల ఏళ్లకు పైబడి ఈ సూత్రం పనిచేస్తూనే ఉంది. పైగా అది పట్టుకునేది బహు అచ్చులున్న పేర్లనే. పొడుగు పేరు పెడితే తుంచరని నమ్మేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది ఇదే. ఇంత బలమైన అలవాటును ఎదుర్కోవాలంటే అది ఎక్కడ పట్టు దొరక్క ఆగిపోతుందో చూడాలి.

పేరు లోపల ఇంకో పేరుంటే అది బయటికి వచ్చి తీరుతుంది. రామకృష్ణలో ఇద్దరున్నారు, ఇంట్లో ఎవరి పేరు ముందు నోటికి వస్తే ఆ పిల్లవాడు వాళ్లవుతాడు. సాయి, శివ, హరి, జయ, రాజ అనే మాటలు ముందుంటే వెనక ఎంత అందమైన మాట పెట్టినా అది రికార్డుల్లోనే ఉండిపోతుంది. ‘శ్రీ’ సంగతి చెప్పనే అక్కర్లేదు. శ్రీనివాస్, శ్రీకాంత్, శ్రీలక్ష్మి, శ్రీవల్లి అందరూ శ్రీ దగ్గరో శ్రీను దగ్గరో ఆగిపోతారు. మరికొన్ని పేర్లలో లోపల పూర్తి పేరు లేకపోయినా, మొదటి రెండక్షరాలు లోకంలో ముందే చెలామణిలో ఉన్న ముద్దుపేరు అవుతాయి. అభి, ఆది, అను, ఇందు, వసు అలాంటివి. అభిమన్యు, అభిరామ్, అభినవ్ అని ముగ్గురు తల్లులు మూడు వేర్వేరు ఆశలతో పెట్టుకున్న పేర్లు ఒకే తరగతి గదిలో చేరేసరికి ముగ్గురూ అభి. అప్పుడు వాళ్లను విడదీయడానికి ఇంటిపేరులోని ఇంగ్లిష్ అక్షరం తెచ్చి తగిలించాలి. పేరు ఉన్నదే ఒకరి నుంచి ఇంకొకరిని వేరుచేయడానికి. కుదింపు ఆ పనినే చెడగొడుతుంది. వసుంధర ఎంత గంభీరమైన పేరైనా ‘వసు’ అన్న తలుపు తెరిచే ఉంది. అరుంధతికి ‘అరు’ అన్నది అంత సులువుగా కుదరదు, కనుక అది కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. తల్లిదండ్రులు చూసుకోవాల్సింది ఇంత చిన్న తేడానే.

తేలిగ్గా విరగని పేర్లు మన దగ్గర లేకపోలేదు, ఎందుకు విరగవో చూస్తే మాత్రం ఆశ్చర్యంగా ఉంటుంది. మృత్యుంజయం అన్న పేరు తీసుకోండి. ముందు రెండక్షరాలు పట్టుకుంటే చేతికొచ్చేది మృత్యువు. ఏ తల్లీ తన బిడ్డను ఆ మాటతో పిలవదు, కనుక పేరు నిండుగా నిలుస్తుంది. మందాకినిలో ముందు ముక్క ‘మంద’. పశువుల గుంపునో చురుకు లేకపోవడాన్నో గుర్తు చేసే ఆ మాటతో ఆడపిల్లను ఎవరు పిలుస్తారు? మొక్కపాటి నరసింహశాస్త్రి నవలానాయకుడు బారిస్టర్ పార్వతీశం పాఠకుల నోట పూర్తిగా పార్వతీశం గానే మిగిలాడు. ఆ పేరులో ముందున్నది స్త్రీ పేరు, వెనక మిగిలేది ఒంటిగా పిలుపుకు సరిపోని ‘ఈశం’. లక్ష్మీపతి, గంగాధరం, రమాపతి లాంటి పేర్ల బలం కూడా ఇదే. ముందు సగం మగపిల్లవాడికి నప్పదు, పతి, ధరం అన్న వెనక సగం వట్టి అనుబంధం. అయితే దీన్ని అచ్చు తప్పని సూత్రమనుకోకూడదు. ఉమామహేశ్వరరావులు మనకు ఉమ గానే ఎందరో తెలుసు, దేవినేని ఉమ అన్న రాజకీయ నాయకుడి పేరు అందరూ విన్నదే. ఉమ అన్నది రెండక్షరాల్లో తేలికగా నోట పలుకుతుంది గనక ఆడ, మగ అడ్డంకి అక్కడ పనిచేయలేదు. పార్వతి అన్న మూడక్షరాలు అంత తేలికైనవి కావు.

అతుకు అసలే లేని పేర్లు ఇంకా గట్టివి. తెలుగు సాహిత్యంలో జ్ఞానపీఠం అందుకున్న ముగ్గురి పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. 1970కి విశ్వనాథ సత్యనారాయణ, 1988కి సింగిరెడ్డి నారాయణరెడ్డి, 2012కి రావూరి భరద్వాజ. మొదటి ఆయనను లోకం ఇంటిపేరుతో విశ్వనాథ అంది, ఆ పెట్టిన పేరు వెనక్కి పోయింది. రెండో ఆయన మూడు అక్షరాలు చేరి సినారె అయ్యారు. మూడో ఆయన ఒక్కరే పెట్టిన పేరుతో, ఒక్క అక్షరం కూడా పోకుండా భరద్వాజగా నిలిచారు. సత్యనారాయణలో సత్యం ఉంది, నారాయణ ఉన్నాడు, పైగా ఆ పేరు ఊరికి పదిమందికి ఉంటుంది. భరద్వాజను మాత్రం తెలుగు చెవి ఒకే ముద్దగా వింటుంది. సంస్కృత పండితుడు అందులోనూ రెండు మాటలు చూపించగలడు గానీ, విడదీస్తే మనకు పిలుపుకు పనికొచ్చే ముక్క ఏదీ దొరకదు. ఋషుల పేర్లలో ఈ గుణం ఎక్కువ: అగస్త్య, కౌండిన్య, వసిష్ఠ. ఆడపిల్లల పేర్లలో కౌసల్య, ద్రౌపది, వైదేహి, దమయంతి, సావిత్రి ఈ జాతివి. కౌ, ద్రౌ, వై అని బరువైన అక్షరంతో మొదలయ్యాక మధ్యలో ఆగడానికి నాలుక ఒప్పుకోదు. మహానటిని తెలుగునాడంతా సావిత్రి అనే పిలిచింది, ఇప్పటికీ అదే అంటుంది. పురుషోత్తంలో నిజానికి అతుకుంది, పురుష, ఉత్తమ అన్న రెండు మాటలు సంధిలో కలిసిపోయాయి. అందుకే విరిచే చోటు చెవికి అందదు. మైత్రేయి విషయంలో జాగ్రత్తగా ఉండాలి, లోపల మైత్రి అన్న పూర్తి పేరు దాక్కుని ఉంది.

ఇక చివరి అక్షరం. తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగియడం దానికి సహజం. వీధి చివర ఉన్న పిల్లను పిలవాలంటే మనం ఆఖరి అచ్చును సాగదీస్తాం. కౌసల్యా అని, మాధవీ అని, రామయ్యా అని. అదే మనకు సంబోధన. ఇటీవలి మగపిల్లల పేర్లు చాలావరకు హల్లుతో ముగుస్తున్నాయి. శ్రీనివాస్, మహేశ్, సందీప్ అని గుమ్మంలో నిలబడి గట్టిగా పిలిచి చూడండి, సాగదీయడానికి పట్టు దొరకదు. నోరు ఆ అచ్చును తానే కల్పించుకుంటుంది, అందుకే శ్రీనూ, మహీ, సందీ అన్నవి పుడతాయి. శ్రీనివాసా అని అచ్చు చేర్చి పిలిచే ఇంట్లో ఆ పేరు ఇంకా నిండుగానే ఉంది. పాత పేర్ల చివర ఉండే సున్న, ‘డు’, ‘య్య’, ‘లు’ అన్నీ పాతచింతకాయ వాసన వేస్తాయని మనవాళ్లు తీసేశారు. వాటితో పాటు పిలుపుకు కావలసిన పట్టు కూడా పోయింది. భరద్వాజ, అగస్త్య లాంటివి అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి ఈ ఇబ్బంది వాటికి రాదు.

కుదింపు ప్రేమకు గుర్తు గదా, దాన్ని అడ్డుకోవడమెందుకు అని ఎవరైనా అడగవచ్చు. గట్టి ప్రశ్నే, పాణిని సూత్రం కూడా వాళ్ల వైపే కనిపిస్తుంది. ఆయన ‘అనుకంప’ అనే అర్థంలోనే ఈ కుదింపులు చెప్పాడు. కానీ ఆ సూత్రానికి రెండు సూత్రాల ముందే ‘కుత్సితే’ అని నిందను చెప్పే సూత్రం ఉంది. రెండింటిలోనూ చేరేది ఒకే ‘క’ ప్రత్యయం. పుత్రకుడు ముద్దుల కొడుకు, అశ్వకం పనికిమాలిన గుర్రం. ముద్దు, చులకన ఇలా పక్కపక్కనే కూర్చున్నాయి. తెలుగు పల్లెల్లో చులకన వైపు ఎంత బరువు తూగిందో మనందరికీ తెలుసు. మల్లయ్య అన్న పేరున్న పాలేరు వయసు మీదపడినా దొర నోట మల్లిగాడే. ఎల్లమ్మ ఎల్లి, రాజమ్మ రాజి. అదే ఊళ్లో భూమి ఉన్నవాడి పేరు వెనక రావు, గారు, పంతులు చేరి రోజురోజుకూ పెరిగాయి. పేరు నిండుగా పలికించుకోవడం కొన్ని కులాలకు మాత్రమే దక్కిన మర్యాద. గురజాడ కన్యాశుల్కంలో పెద్దమనుషులు అగ్నిహోత్రావధాన్లు, లుబ్ధావధాన్లు అని బారెడు పేర్లతో తిరుగుతుంటారు. డబ్బుకు బేరం పెట్టిన పసిపిల్ల మాత్రం సుబ్బి. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. కాబట్టి ఇంట్లో అమ్మ సుబ్బీ అంటే ఒకటి, బజారులో ముక్కూ మొహం తెలియనివాడు అంటే మరొకటి. పేరు తేలిగ్గా తెగకపోతే ప్రేమించేవాళ్లు ఎలాగూ తమ దారి వెతుక్కుంటారు. అగ్గువ చేసేవాళ్లకు మాత్రం పని కష్టమవుతుంది. తాతముత్తాతల పేర్లు తెగ్గోయబడిన కుటుంబాలు తమ పిల్లలకు నిండైన పేర్లు ఏరుకుని పెట్టుకోవడంలో ఎంత ఆత్మగౌరవం ఉందో ఈ చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది.

ఎంత గట్టి పేరు పెట్టినా ఇంట్లో ఏదో ఒక ముద్దుపేరు రాకుండా ఉండదని మరో మాట వినిపిస్తుంది. నిజమే, రానివ్వాలి కూడా. మన సంప్రదాయంలో ఉన్న అందం ఏమిటంటే ముద్దుపేరు అసలు పేరులోంచి పుట్టాల్సిన పని లేదు. బుజ్జి, చిన్ని, పండు, చిట్టి, నాని, కన్న. వీటిలో దేనికీ బియ్యంలో రాసిన పేరుతో సంబంధం లేదు. అత్తగారి పేరో మామగారి పేరో బిడ్డకు పెట్టినప్పుడు కోడలు ఆ పేరు పట్టి పిలవకూడదన్న పట్టింపు ఉండేది. పిల్లను కసురుకుంటే పెద్దావిడను కసురుకున్నట్టవుతుందని భయం. అందుకే చాలా ఇళ్లలో ఇంటి పిలుపు విడిగా పుట్టి, పెద్ద పేరు చెక్కుచెదరకుండా మిగిలింది. ఈ రెండు పేర్ల ఏర్పాటు చాలా తెలివైనది. కౌసల్యను ఇంట్లో చిట్టి అని పిలుస్తారు, బడిలో కౌసల్య కౌసల్యగానే ఉంటుంది. అసలు పేరునే కౌసు అని నమిలితే ఇంటి పిలుపూ బయటి పిలుపూ కలగలిసిపోయి, రేపు ఆఫీసులో కూడా ఆ ముక్కే మిగులుతుంది.

మరి పొట్టి పేరు పెడితే గొడవే ఉండదు గదా అనేవాళ్ల వాదన పైకి బాగుంది. రవి, రమ, ఉష, వేణు లాంటి మంచి పేర్లు మనకు లేకపోలేదు. కానీ తెలుగు నోరు పొట్టి పేరును కూడా ఉన్నది ఉన్నట్టు వదిలిపెట్టదు. రవి రవిగాడవుతాడు, ఆద్య ఆదు అవుతుంది. ఇంకో లోటు, పొట్టి పేరుకు పెద్దరికపు రూపం ఉండదు. నిండైన పేరున్న పిల్ల పెద్దయ్యాక కావాలంటే దాన్ని తనే చిన్నది చేసుకోగలదు, పొట్టి పేరున్న పిల్ల దాన్ని పెంచుకోలేదు. మన రచయితల పేర్లు చూడండి. శ్రీరంగం శ్రీనివాసరావు ఇంటిపేరులోని శ్రీనీ సొంత పేరులోని శ్రీనీ కలిపి శ్రీశ్రీ అయ్యాడు. కాళీపట్నం రామారావు కారా అయ్యారు, రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి అయ్యారు, కొడవటిగంటి కుటుంబరావు కొకు అయ్యారు. ఇవి కూడా కుదింపులే. కానీ ఇవి వయసు వచ్చాక, రచనతో పాటు, ఎవరూ తమను తక్కువ చేయకుండా వచ్చినవి. పూర్తి పేరు చేతిలో ఉండబట్టే ఆ ఎంపిక సాధ్యమైంది.

కాగితాల దగ్గర వచ్చే ఇబ్బంది అన్నిటికంటే నిజమైనది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే ఇక్కడ కూడా పొడుగు కంటే ఖాళీలు చేసే నష్టమే ఎక్కువ. మన కోస్తా జిల్లాల్లో తాత పేరు, దేవుడి పేరు, నక్షత్రపు పేరు అన్నీ వరసగా పేర్చి, చివర పిలిచే పేరు పెట్టడం మామూలు. వంగిపురపు వెంకట సాయి లక్ష్మణ్, పూసర్ల వెంకట సింధు అన్న క్రీడాకారుల పేర్లు ఆ కూర్పువే. మన ఊళ్లో అది ఇబ్బంది కాదు, పిలిచేది చివరి మాటనే అని అందరికీ తెలుసు. అమెరికా దరఖాస్తులో ముందు మాటే మనిషి పేరు. అక్కడ అడుగుపెట్టిన తెలుగువాళ్లలో ఎందరో పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినని ‘వెంకట’ అన్న పిలుపుకు పలకాల్సి వచ్చింది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి రెండోది ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద అసలు పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అన్న మూడక్షరాలు అచ్చవుతాయి, మొదటి పేరు తెలియదని దాని అర్థం. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరసల్లో ఒక్కోదానికి 44 గడులుంటాయి, అందులో పేరుకు దక్కేవి 39. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం అన్న పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో పూర్తిగా రాస్తే ఆ 39లో పట్టడం కష్టం. ఆ మహాగాయకుణ్ని తెలుగువాళ్లు బాలు అని ప్రేమగా పిలుచుకున్నారు గానీ యంత్రం చేసే కోతలో ఆ ప్రేమ ఉండదు. అందువల్ల నిండైన పేరంటే నాలుగు మాటల గొలుసు అనుకోవద్దు. మూడు నాలుగు అక్షరాల ఒకే మాట చాలు. కౌసల్య, భరద్వాజ, దమయంతి ఏ దరఖాస్తు గడిలోనైనా సుఖంగా ఇముడుతాయి. పెద్దల పేర్లు కలపాలన్న కోరిక ఉంటే పిలిచే మాటను ముందు పెట్టి, మిగిలినవి వెనక పెట్టుకోవచ్చు. కలిసొస్తుందని అక్షరాలు రెట్టించి స్పెల్లింగు మార్చడం మాత్రం పిల్ల జీవితమంతా ప్రతి కౌంటరు దగ్గరా విడమరిచి చెప్పుకునే పని పెడుతుంది.

పేరు ఖాయం చేసే ముందు దాన్ని పరీక్షించడం పెద్ద పని కాదు. కాగితం మీద చూసి మురిసిపోకుండా నోటితో పిలవాలి. గుమ్మంలోంచి గట్టిగా ఒకసారి, వెనక ‘అక్క’ చేర్చి ఒకసారి, ‘గారు’ చేర్చి ఒకసారి, ‘టీచర్’ చేర్చి ఒకసారి. ముందు రెండక్షరాలు విడిగా పలికి, అవి మరో పేరు అవుతున్నాయేమో చూడాలి. చివరి సగం కూడా అలాగే. ఇంట్లో పిల్లలుంటే వాళ్లకు పేరు చెప్పి రెండు రోజులు వదిలేయాలి. అందరికంటే ముందు తుంచేది వాళ్లే, వాళ్ల నోట నిలిచిన పేరు బడిలోనూ నిలుస్తుంది. తొందరేమీ లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లో జననాన్ని నమోదు చేయిస్తే చాలు, పేరు గడి ఖాళీగా ఉన్నా నమోదు ఆగదు. ఆ తేదీ నుంచి 12 నెలల లోపు రుసుము లేకుండానే పేరు చేర్పించుకోవచ్చు, ఆలస్య రుసుము కడితే 15 ఏళ్ల దాకా వీలుంది. బాలసారె నాడు పెట్టిన పేరును ఆ ఏడాదిలో నాయనమ్మ, మేనత్త, పక్కింటివాళ్లు ఎలా పిలుస్తున్నారో వింటూ, అది నిలిచిందని తేలాకే మున్సిపాలిటీకో పంచాయతీకో వెళ్లి రాయించవచ్చు. అక్కడ రాసిన స్పెల్లింగే ఆధార్‌కూ బడి రికార్డుకూ పాస్‌పోర్టుకూ ఆధారమవుతుంది కాబట్టి, ఇంగ్లిష్‌లో ఆ పేరు మధ్య ఖాళీ రాకుండా ఒకే మాటగా పడిందో లేదో సర్టిఫికెట్ తీసుకునేటప్పుడే చూసుకోవాలి.